స్విట్జర్లాండ్‌లో తిరగడానికి రెంటల్ కారా, ట్రావెల్ పాసా? ఏది మేలు?

స్విస్ ట్రిప్ అనగానే మనవాళ్ళు ముందు అడిగేది కారు అద్దె ఎంతవుద్ది అని. అమెరికాలో ఉన్న చుట్టాల సలహా కూడా అదే, వాళ్ళకి కారు లేకపోతే రోజు గడవదు కాబట్టి. కానీ స్విస్ సంగతి వేరండీ. అక్కడ మనం చూడాలనుకునే చోట్లు చాలావరకు రోడ్డు అయిపోయిన దగ్గర మొదలవుతాయి. జెర్మాట్‌లోకి మన కారు రానివ్వరు, దాని ముందున్న ఊరు టాష్‌లో డబ్బులిచ్చి పార్క్ చేసి ఓ 12 నిమిషాలు షటిల్ రైలెక్కాల్సిందే. వెంగెన్, ముర్రెన్‌లోకి కూడా కార్లు పోవు. 3,454 మీటర్ల ఎత్తున్న యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ స్టేషన్‌కి 1912 నుంచీ రైలే దారి. అంటే కారు అద్దె, పెట్రోలు, పార్కింగ్ అన్నీ కట్టాక కూడా మళ్ళీ రైలు టికెట్ కొనాలి.

స్విస్ ట్రావెల్ పాస్ తీసుకుంటే రైళ్ళు, పసుపు రంగు పోస్ట్ బస్సులు, లేక్ మీద బోట్లు, సిటీలో ట్రామ్‌లు అన్నీ దాంట్లోనే అయిపోతాయి, రిగి కొండ పైదాకా ఫ్రీ, టిట్లిస్‌కి సగం ధర, యుంగ్‌ఫ్రావ్‌కి మాత్రం పై భాగానికి డిస్కౌంటే ఇస్తారు. పిల్లలున్నవాళ్ళకి ఇంకా లాభం, ఫ్యామిలీ కార్డ్ ఉంటే 6 నుంచి 15 ఏళ్ళ పిల్లలు అమ్మానాన్నలతో ఫ్రీగా తిరగొచ్చు. అదే కారైతే 12 ఏళ్ళు నిండేదాకా లేదా 150 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా చైల్డ్ సీట్ ఉండాలి, దానికి అద్దె వేరే.

డ్రైవింగ్ సంగతి కొంచెం సీరియస్‌గా ఆలోచించండి. కుడి పక్కన నడపాలి, స్టీరింగ్ ఎడమవైపు, ఘాట్ రోడ్డు మలుపులో ఎదురుగా పోస్ట్ బస్సు వస్తే దారి మనమే ఇవ్వాలి. ఊళ్ళో లిమిట్ 50. దానికి 5 కిలోమీటర్లలోపు ఎక్కువ పోయినా 40 ఫ్రాంకుల ఫైన్, 11 నుంచి 15 ఎక్కువైతే 250 ఫ్రాంకులు, ఇది కాక రెంటల్ వాళ్ళు తమ ఛార్జీ విడిగా కార్డులోంచి తీసుకుంటారు. పైగా నడిపే మనిషి ఆ కొండలూ సరస్సులూ ఏమీ చూడలేడు, అంత ఖర్చు పెట్టి వెళ్ళి రోడ్డు చూస్తూ కూర్చోవడం నాకైతే అన్యాయం అనిపిస్తుంది.

మరి కారు దండగేనా అంటే, కాదు. ఫుర్కా, గ్రిమ్సెల్, సుస్టెన్ పాస్‌లు (కొండల మీదుగా పోయే కనుమ దారులు) చూడాలంటే కారే కరెక్ట్. రైలు ఫుర్కా కిందున్న సొరంగంలోంచి పోతుంది కాబట్టి పైన ఏమీ కనపడదు, వేసవిలో బస్సులున్నా రోజుకి కొన్నే. కారుంటే 2,429 మీటర్ల ఎత్తుకి ఎక్కి, రోన్ గ్లేసియర్ దగ్గర ఇష్టమున్నంతసేపు ఆగొచ్చు. ఈ రోడ్లు ఇంచుమించు జూన్ నుంచి అక్టోబర్ దాకానే తెరిచి ఉంటాయి, చలికాలంలో వెళ్ళేవాళ్ళు ఈ ఆశ పెట్టుకోవద్దు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు, రైస్ కుక్కరు, పచ్చళ్ళతో సహా నాలుగైదు సూట్‌కేసులు, ఊరికి దూరంగా అపార్ట్‌మెంట్, ఇలా ఉంటే కూడా కారే సుఖం, ఐదు నిమిషాల్లో రైలు మారాలంటే వాళ్ళకి నరకం.

నా మాటైతే ట్రిప్ మొత్తానికి ట్రావెల్ పాస్, ఆ కనుమ దారులు చూసే ఒకట్రెండు రోజులకి మాత్రం లూసెర్న్‌లోనో ఇంటర్లాకెన్‌లోనో కారు. ఐడీపీ (ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్) ఇక్కడ ఆర్టీవోలోనే తీసుకుని వెళ్ళండి, క్రెడిట్ కార్డు నడిపేవాళ్ళ పేరు మీదే ఉండాలి, డిపాజిట్ దాంట్లోనే బ్లాక్ చేస్తారు. హైవే స్టిక్కర్ (40 ఫ్రాంకులు, వినెట్ అంటారు) స్విస్‌లో తీసుకున్న కార్లకి మామూలుగా ఉంటుంది, జెనీవా ఎయిర్‌పోర్టులో ఫ్రాన్స్ వైపు కౌంటర్లో చవగ్గా వస్తుందని తీసుకుంటే మాత్రం ఉందో లేదో అడగండి. ట్రావెల్ పాస్‌లో ఫ్లెక్స్ రకం కొంటే నెల రోజుల్లో మనకి నచ్చిన రోజులు ఎంచుకోవచ్చు, కారున్న రోజు పాస్ రోజు వేస్ట్ అవ్వదు. ఇంకోటి, కారు తిరిగి ఇచ్చేది ఆదివారం పడకుండా చూసుకోండి, ఊళ్ళలో చాలా ఆఫీసులు ఆ రోజు మూసేస్తారు.