జీబ్రాఫిష్ పిండంలో రక్తనాళాల జన్యువులు: మార్ఫోలినోనా, మ్యూటెంటా?

ఫలదీకరణ జరిగి ఒక రోజు దాటేసరికి జీబ్రాఫిష్ పిండంలో గుండె కొట్టుకుంటూ ఉంటుంది. ఒళ్లు గాజులా ఉంటుంది కాబట్టి తోక దాకా వెళ్లి తిరిగొచ్చే రక్తకణాలు మైక్రోస్కోపు కింద ఒక్కొక్కటిగా కనిపిస్తాయి. రక్తం పారకపోయినా నీటిలోని ఆక్సిజన్‌తోనే కొన్ని రోజులు బతుకుతుంది. ఏ జన్యువు లేకపోతే ఏ నాళం ఆగిపోతుందో చూడడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఆ జన్యువును ఎలా ఆపాలన్నదే పేచీ. మార్ఫోలినో అనే కృత్రిమ అణువును ఒకే కణంగా ఉన్న పిండంలోకి సూదితో ఎక్కిస్తారు. అది జన్యువు సందేశాన్ని మోసే ఆర్‌ఎన్‌ఏకు అతుక్కుని ప్రోటీన్ తయారు కాకుండా అడ్డుపడుతుంది. రెండు రోజుల్లో జవాబు వస్తుంది. గుడ్డులో తల్లి దాచిన ఆర్‌ఎన్‌ఏను కూడా ఆపగలదు. జన్యువును కత్తిరించే క్రిస్పర్‌తో మ్యూటెంట్‌ను, అంటే ఆ జన్యువే చెడిన చేపను, చేయాలంటే చేప పెద్దదవడానికే సుమారు 3 నెలలు, అలా రెండు తరాలు ఆగాలి.

ఓపిక పడితే ఫలం ఉంటుందని క్లోష్ మ్యూటెంటే చెబుతుంది. దానిలో రక్తకణాలూ, నాళాల లోపలి పొర కణాలూ దాదాపు ఉండవు. గుండె గంటలా ఉబ్బుతుంది, ఆ పేరుకు ఫ్రెంచిలో అర్థం గంటే. ఇరవై ఏళ్లు వెతికాక 2016లో ఆ జన్యువు ఎన్‌పాస్4ఎల్ అని తేలింది.

మార్ఫోలినో మోతాదు మించితే దెబ్బతిన్న కణాలను చంపించే పీ53 ప్రోటీన్ మేలుకుని కణాలు చచ్చిపోతాయి. అప్పుడు నాళం రాకపోవడం జన్యువు లేకనో, పిండం జబ్బుపడో తెలియదు. 2015లో పోల్చి చూస్తే మార్ఫోలినో చూపించిన లోపాల్లో సుమారు 80 శాతం మ్యూటెంట్లలో కనబడలేదు.

అలాగని మ్యూటెంట్ మాటే చివరిదా? కాదు. ఈజీఎఫ్ఎల్7 అనే జన్యువును మార్ఫోలినోతో ఆపితే నాళాలు దెబ్బతిన్నాయి, మ్యూటెంట్‌లో మాత్రం బాగానే ఉన్నాయి. కారణం, మ్యూటెంట్‌లో ఎమిలిన్ జన్యువులు విజృంభించి లోటు పూడ్చాయి. మార్ఫోలినో వేసిన పిండాల్లో ఆ సర్దుబాటు జరగలేదు.

నా మొగ్గు మ్యూటెంట్ వైపే. కానీ దానిలో ఏమీ కనబడకపోతే జన్యువు పనికిరానిదని కొట్టిపారేయను. అదే మార్ఫోలినోను ఆ మ్యూటెంట్‌లోకే ఎక్కించి చూడాలి. ఆపడానికి అక్కడ జన్యువు లేదు కనుక, అయినా నాళాలు చెడితే తప్పు మార్ఫోలినోదే. మ్యూటెంట్ తట్టుకుని, మామూలు పిండం మాత్రమే దెబ్బతింటే ఆ మార్ఫోలినోను నమ్ముతాను.