కన్ను మోడల్ బానే ఉంది కానీ లెన్స్ దగ్గర దెబ్బేసింది – 3 స్టార్లు

మావోడు టెన్త్. కన్ను చాప్టర్ ఎన్నిసార్లు చదివినా ఐరిస్‌కీ (కంట్లో రంగుగా కనబడే వలయం) కనుపాపకీ తేడా రాయలేకపోతున్నాడని ఈ విడదీసే ప్లాస్టిక్ కన్ను కొన్నాను. ముందు గంటస్తంభం చుట్టుపక్కల షాపులన్నీ తిరిగా, గుండె ఉంది, కిడ్నీ ఉంది, ఆఖరికి పళ్ళసెట్టు కూడా ఉంది, కన్ను మాత్రం లేదు. ఇంక ఆన్‌లైన్లో పెడితే ఐదో రోజుకి విజయనగరం వచ్చేసింది.

సైజు చిన్న కొబ్బరికాయంత. అసలు కనుగుడ్డు అడ్డంగా సుమారు 2.3 సెంటీమీటర్లే కాబట్టి ఇంత చేస్తే గానీ లోపల పొరలు కనబడవు. ముందు కార్నియా, అదే కంటి ముందుండే పారదర్శక పొర, ఊడొస్తుంది, వెలుతురు ఎక్కువగా వంగేది అక్కడేనట, లెన్స్ దగ్గర కాదు, ఇది నాకూ ఇప్పుడే తెలిసింది. దాని వెనక ఐరిస్‌కి నీలం రంగేశారు, మన ఊళ్ళో నీలికళ్ళు ఎవరికున్నాయండీ! కానీ దాని మధ్యలో నిజంగానే కన్నం పెట్టారు, మావోడు అందులో వేలు దూర్చి "నాన్నా, కనుపాపంటే ఉత్త ఖాళీయేనా" అన్నాడు చూడండి, నా డబ్బులు అక్కడికే వసూలు.

వెనకాల ఆప్టిక్ నర్వ్ (కంటి నుంచి మెదడుకెళ్ళే నరం) ముక్క కూడా ఇచ్చారు. అది బయటికెళ్ళే చోట వెలుతురు పట్టే కణాలు ఉండవు, అందుకే అక్కడ పడ్డది మనకి కనపడదు. కాగితం మీద ప్లస్ గుర్తు, దానికి కుడివైపు ఓ ఎనిమిది సెంటీమీటర్ల దూరంలో చుక్క పెట్టి, ఎడమ కన్ను మూసి ప్లస్‌నే చూస్తూ కాగితం అడుగు దూరంలో ముందుకీ వెనక్కీ జరపండి, చుక్క మాయం. ఇంటిల్లిపాదీ ఇదే పని ఆ సాయంత్రమంతా.

ఇక మైనస్. రెటీనా (కంటి లోపల వెనకాల వెలుతురు పట్టే పొర) ఎర్రరంగు రెండో రోజుకే ఊడింది. పేర్ల చార్ట్ మొత్తం ఇంగ్లీషే. అసలు బాధ లెన్స్ గురించి, దగ్గరవి చూసేటప్పుడు దాని చుట్టూ ఉండే సిలియరీ కండరాలు బిగిసి లెన్స్ లావవ్వాలి, దూరానికి పల్చబడాలి, ఇక్కడేమో గట్టి ప్లాస్టిక్ బిళ్ళ, కండరాలంటే ఒక గీత. ఇదేం చూపిస్తామని తిట్టుకుంటుంటే మా అమ్మ ఆ బిళ్ళ చేతిలోకి తీసుకుని "ఇదేట్రా బాబూ, ఆపరేషన్లో నా కంట్లో ఎట్టినాది ఇంతుంటాదేటి" అంది. కాదమ్మా, అది 6 మిల్లీమీటర్లే అన్నా. వెంటనే మావోడు "మరి మామ్మ లెన్సూ లావవ్వదా?" అవ్వదు, శుక్లం తీసి పెట్టే మామూలు లెన్స్‌కి ఒకటే పవర్, అందుకే మామ్మ దూరంగా వచ్చే బస్సు బోర్డు చదివేస్తుంది గానీ బియ్యంలో రాళ్ళేరాలంటే అద్దాలు కావాలి. ఆ పాయింటు మాత్రం మావోడికి బుర్రలో నాటుకుపోయింది.

ఇంట్లో చిన్నపిల్లలుంటే జాగ్రత్త, లెన్స్‌కి పట్టు లేదు, ఊరికే జారిపోతుంది. ఇప్పటికి రెండుసార్లు మంచం కింద వెతికాం.