మూడేళ్లు దాటాక: వంటగది మార్పు బాగుంది, సింకు తప్ప

మా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లు ముందు వంటగదికీ భోజనాల గదికీ మధ్య తెరిచిన గోడని మెచ్చుకుంటారు. ఆ తర్వాత, "అబ్బ, సింకు ఇక్కడే పెట్టారా, ఎంత సౌకర్యమో!" అంటారు. అక్కడే నాకు ఒళ్లు మండుతుంది.

మాది తిరుపతిలో తిరుచానూరు రోడ్డు వైపు, మా మామగారు తొంభైల్లో కట్టించిన ఇల్లు. పైన అద్దెకిచ్చి కింద మేముంటున్నాం. 2021 నవంబరు వానల్ని ఈ ఊళ్లో ఎవరూ మర్చిపోలేదు కదా. వీధిలో నీళ్లు గేటు దాటి లోపలికొచ్చి వంటగది అరలన్నీ నానబెట్టాయి. ప్లైవుడ్ అనుకుని వాడుకున్నవి పార్టికల్ బోర్డువట, అడుగు భాగమంతా ఉబ్బి పొట్టు రాలింది. ఎలాగూ పీకెయ్యాల్సిందే కాబట్టి కింది పోర్షనంతా సర్దేద్దామన్నారు మా ఆయన. పని మొదలుపెట్టినప్పుడు మాది చిత్తూరు జిల్లా. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వచ్చేసింది గానీ మా టైల్స్ మాత్రం ఇంకా రాలేదు.

ఏమేం మార్చామో టూకీగా చెప్పేస్తాను. ఫ్రిజ్ భోజనాల గదిలోకి వచ్చింది. కింది అరలకు ఈసారి చెక్క జోలికే పోకుండా కడప బండలు నిలబెట్టి, తలుపులు మాత్రం అల్యూమినియంవి పెట్టించాం. మళ్లీ నీళ్లొచ్చినా తుడుచుకుంటే సరిపోతుంది. ఆరుగురు కూర్చునే బల్లని గోడకి జరిపి, కుర్చీ వెనక నుంచి మనిషి నడిచేలా మూడడుగులు వదిలాం. ఇక గోడ. అది 9 అంగుళాల గోడ, దాని నెత్తిన పై ఇంటి గోడ ఉంది. మొత్తం తీసేద్దామని ఇంటీరియర్ కుర్రాడు అన్నాడు. ఇంజనీరు వచ్చి చూసి, ఆ బరువు ఈ గోడ మీదే ఉంది, కదిలిస్తే ఊరుకోనన్నాడు. చివరికి కింద సపోర్టులు పెట్టి, పైన బీము పోసి, నడుం ఎత్తున 5 అడుగుల వెడల్పు కిటికీలా తెరిచారు. దాని కింద గ్రానైట్ బండ. ఇటు నుంచి గిన్నె పెడితే అటు వాళ్లు తీసుకుంటారు. అప్పట్లో ఈ కిటికీ గురించి కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పాను. మా వీధిలో ఇద్దరు నా మాట మీదే గోడలు కొట్టించారు కూడా.

సింకు సంగతికి వస్తాను. పాత సింకు వంటగది తూర్పు గోడకి, ఈశాన్యం మూలన ఉండేది. గోడకి అవతలే ఛాంబర్, అంటే ఇంటి వాడుక నీళ్లు వచ్చి చేరే గుంట. పైపు రెండడుగులు కూడా లేదు. కుర్రాడు ల్యాప్‌టాప్‌లో బొమ్మ చూపించి, సింకు కిటికీ కిందకి తెస్తే తిన్న కంచాలు బల్ల దగ్గర్నుంచి నేరుగా సింకులోకే వస్తాయి, మీరు గిన్నెలు తోముతూ అందరితో మాట్లాడుకోవచ్చు మేడమ్ అన్నాడు. బొమ్మలో ఒకమ్మాయి నవ్వుతూ టమాటాలు కడుగుతోంది. జిడ్డు బాణలి ఎక్కడా లేదు. ఈశాన్యం నుంచి నీళ్లు కదిలించొద్దమ్మా అని మా అత్తమ్మ ఒకటికి రెండుసార్లు అన్నారు. ఆవిడది వాస్తు భయం. వాస్తు సంగతి పక్కన పెడితే, నీళ్లు బయటికి పోవడానికి ఆ మూలే దగ్గర. ఆ ముక్క ఎవరూ అనలేదు.

కొత్త చోటు నుంచి ఛాంబర్‌కి నేల కింద పైపు 14 అడుగులు. పని చూసుకున్న మేస్త్రీ ఫిల్లింగ్ తవ్వి, పైపు పరిచి, మట్టి కప్పి, టైల్స్ వేసేశాడు. కొన్ని నెలలు సుఖంగానే గడిచాయి. తర్వాత నీళ్లు వదిలినప్పుడల్లా లోపల గుడగుడమని శబ్దం. కొత్త పైపులో గాలి అన్నారు. సరే అనుకున్నాం.

ఆ ఏడాది బ్రహ్మోత్సవాలు వచ్చాయి. కరోనా వల్ల రెండేళ్లు గుళ్లోనే ఏకాంతంగా జరిగి, 2022లో మళ్లీ మాడ వీధుల్లో వాహన సేవలు. అక్టోబరు 1న గరుడ సేవ, పైగా తమిళుల పెరటాసి నెలలో శనివారం. తిరుపతిలో ఇల్లుంటే ఏమవుతుందో తిరుపతి వాళ్లకి చెప్పక్కర్లేదు. బంధువులెవరూ లాడ్జి వెతుక్కోరు. మా ఆడపడుచు కుటుంబం, మా పిన్ని వాళ్లు, వాళ్లతో వచ్చిన వాళ్ల పక్కింటివాళ్లు. శుక్రవారం రాత్రి రాగి సంగటి, చెనిక్కాయల ఊరుబిండి, వంకాయ పులుసు చేశాను. కిటికీ దగ్గర నుంచి వడ్డించడం, కంచాలు అందుకోవడం, అంతా ఆ ల్యాప్‌టాప్ బొమ్మలో ఉన్నట్టే నడిచింది. సంగటి తపేలా, కవ్వం, పులుసు గిన్నెలు అన్నీ ఆ సింకులోనే తోమాను. చివర్లో నీళ్లు దిగడం మానేశాయి. వేడినీళ్లు పోసి, పొద్దున చూద్దాంలే అని పడుకున్నాం.

తెల్లవారుజామున కొండకి వెళ్లేవాళ్లు లేచారు. బాత్రూంలో స్నానాల నీళ్లు కూడా అదే లైన్‌లో కలుస్తాయని మాకు అప్పటిదాకా తెలియదు. మా ఆడపడుచు మంచినీళ్ల కోసం వంటగదిలోకి వెళ్లి, "వదినా, కాళ్లకి ఏదో తగుల్తోంది" అని పిలిచింది. లైటేసి చూస్తే సింకు కింద నేలలో నీళ్లు పోయే నానీ ట్రాప్ జాలీలోంచి నీళ్లు పైకి వస్తున్నాయి. కాఫీ రంగులో ఉన్నాయి. మీద కరివేపాకు, ఆవాలు, రాగి పిండి తరకలు. అవి మెల్లగా బల్ల కిందికి పాకుతున్నాయి. సింకు కంటే నేల జాలీ కిందుంటుంది కాబట్టి ఎదురు తన్నిన నీళ్లు ముందు అక్కడే బయటపడతాయి. ఆ తెలివి తర్వాత వచ్చింది. అప్పుడైతే పాత దుప్పట్లు అడ్డం వేసి, స్నానాలు ఆపించి, కొండకి వెళ్లాల్సినవాళ్లని వెనకవైపు పంపు దగ్గరికి పంపించాను. గరుడ సేవ రోజు ప్లంబరు దొరకడమంటే మాటలా? పని చేసిన మేస్త్రీ ఫోను ఎత్తలేదు. షాపులో అమ్మే పొడి పోశాం, పొగలొచ్చాయి గానీ నీళ్లు కదల్లేదు. చివరికి కొర్లగుంట నుంచి ఒక పెద్దాయన సైకిల్ మీద స్ప్రింగ్ చుట్ట వేసుకుని వచ్చాడు.

ఆయన స్ప్రింగ్ తోసి తిప్పి లాగితే బూడిద రంగు ముద్ద వచ్చింది. వేలితో నొక్కితే సబ్బులా జారింది. సంగటి, నూనె, గిన్నెల సబ్బు కలిసి పైపు అడుగున పేరుకుపోయిందట. నీళ్లు వేడిగా ఉన్నంతసేపూ నూనె సాగుతుంది, మధ్యలో చల్లారితే అక్కడే అంటుకుంటుంది. రెండడుగుల పైపులో చల్లారే టైమే ఉండదు. 14 అడుగుల్లో బోలెడంత ఉంటుంది.

"దీనికి వాటం ఎవరు చూసిందక్కా?" అన్నాడు. నాకు తెలిస్తే కదా చెప్పడానికి. ఛాంబర్ మూత తీసి, టేపు పెట్టి కొలిచాడు. అడుగుకి పావు అంగుళం చొప్పున పైపు వాలాలట. అంటే 14 అడుగులకి మూడున్నర అంగుళాలు. మాకున్నది ఒకటిన్నరకి మించి లేదు. పైగా గోడ దగ్గర నిలువు ఎల్బో వేసి పైపుని ఒక్కసారిగా తిప్పారు, ముద్ద ముందు పట్టుకునేది అక్కడే. "నీళ్లు పోతాయక్కా, పిండే యాడికీ పోదు" అని తేల్చేశాడు.

పండగ అయ్యాక నేల తవ్వించాం. ఎల్బో తీసి రెండు చిన్న వంపులు, వాటి మధ్య డోర్ బెండ్ వేయించాం. దానికి మూత ఉంటుంది, మళ్లీ అడ్డం పడితే విప్పి శుభ్రం చేసుకోవచ్చు. బాత్రూం లైన్ విడదీశాం. వాటం మాత్రం పూర్తిగా కుదరలేదు. పైపుని ఇంకా దించుదామంటే ఛాంబర్ దించాలి, ఛాంబర్ దించితే వీధి కాలువ దానికంటే ఎత్తవుతుంది. రోడ్డు వేసిన ప్రతిసారీ పాత రోడ్డు మీదే కొత్త పొర పోశారు. మామగారు కట్టినప్పుడు మూడు మెట్లెక్కి ఇంట్లోకి వచ్చేవాళ్లట, ఇప్పుడు ఒక్కటే కనిపిస్తోంది. ఆయన రోజుల్లో తేలిగ్గా కుదిరే వాటం ఇప్పుడు కుదరదు. ఈ లెక్క ఏ ల్యాప్‌టాప్ బొమ్మలోనూ కనపడదు. తవ్విన చోట వేయడానికి అదే రంగు టైల్ దొరకలేదు, కంపెనీ ఆ బ్యాచ్ ఆపేసిందట. బల్ల కింద నాలుగు టైల్స్ వేరే రంగులో ఉంటాయి. భోజనానికి వచ్చినవాళ్లు ఏదైనా డిజైనేమో అనుకుంటారు.

ఇప్పుడు మాకు రెండు సింకులు. ఈశాన్యం మూల గోడలో పాత పైపు బిరడా వేసుకుని అలాగే ఉంది, దానికే ఇంకో చిన్న సింకు తగిలించాం. సంగటి తపేలా, దోసెల పిండి గిన్నెలు, బాణళ్లు అన్నీ అక్కడే. మా అత్తమ్మ ఏమీ అనలేదు, ఆ సింకు బిగించిన రోజు దానికి పసుపు కుంకుమ మాత్రం పెట్టారు. కిటికీ కింద అందమైన సింకులో గ్లాసులు, కాఫీ కప్పులు, పళ్లు కడుక్కుంటాం. అంత గ్రానైట్ ఖర్చు పెట్టి గ్లాసులు కడగడానికి సింకు!

ఇక ఆ కిటికీ. నేను అప్పట్లో ఊరంతా చెప్పినంత గొప్పగా ఉందా? ఉంది, మనుషులున్నప్పుడు. నలుగురు వచ్చిన రోజు నేను వంటగదిలో ఒంటరిగా ఉక్కిరిబిక్కిరి కావడం తప్పింది, అది చిన్న విషయం కాదు. మామూలు రోజుల్లో ఎండు మిరపకాయలు తాలింపులో పడగానే హాల్లో టీవీ చూసేవాళ్లదాకా అందరూ దగ్గుతారు. చిమ్నీ ఉంది, దాని గొట్టం రెండు మలుపులు తిరిగి బయటికి పోతుంది, కాబట్టి అది చేసే చప్పుడంత పని చెయ్యదు. పొద్దున ఆన్‌లైన్ క్లాసు పెట్టుకుని మా అబ్బాయి బల్ల దగ్గర కూర్చుంటాడు, నేను అప్పుడే మిక్సీ వెయ్యాలి. రోజూ రభస. దాంతో కిందటేడు జరిపే గ్లాసు తలుపులు పెట్టించాం. ఎక్కువ సేపు అవి మూసే ఉంటున్నాయి. గోడలు కొట్టించిన ఆ ఇద్దరూ కూడా ఈ మధ్య గ్లాసు తలుపుల రేటు అడిగారు.

ఇదంతా మా ఇంటికి వర్తించే మాట. మాది నేలమీది పోర్షను, పాత గోడలు, ఎత్తు పెరిగిన రోడ్డు, వారంలో రెండు మూడు రోజులైనా సంగటి. రోజుకి నాలుగు చపాతీలు, కొంచెం కూర చేసుకునే ఇద్దరికి ఇదే సింకు ఇదే చోట హాయిగా పనిచేస్తుందేమో. అపార్ట్‌మెంట్లలో పైపులు తిప్పడానికి ఎలాగూ అంత స్వేచ్ఛ ఉండదు. కొత్తగా కట్టుకునేవాళ్లు బేస్‌మెంట్ ఎత్తు పెంచుకుంటే వాటం దానంతటదే వస్తుంది. మాలా పాత ఇల్లు సర్దుకునేవాళ్లు మాత్రం బొమ్మలు చూసే ముందు ట్యూబ్ లెవెల్ తెప్పించి, సింకు పెట్టాలనుకున్న చోటికీ ఛాంబర్‌కీ మధ్య తేడా కొలిపించుకోండి. నీళ్లు నింపిన ప్లాస్టిక్ గొట్టం, ఇద్దరు మనుషులు చాలు.

చిత్తూరులో మా చెల్లెలు ఇప్పుడు ఇదే పని మొదలుపెట్టబోతోంది. దానికి వీధి వైపు తేడా రెండు అంగుళాలే వచ్చింది, సింకు పాత చోటే ఉంచుతానంది. కిటికీ ఎంత వెడల్పు పెట్టమంటావని అడిగింది. మా దాంట్లో చివరి అడుగు మీద ఎప్పుడూ నూనె క్యానే ఉంటుంది కాబట్టి నాలుగడుగులు చాలన్నాను, గ్లాసు తలుపులు మొదట్లోనే పెట్టించుకోమన్నాను.