పొగతోటలో ఒక డైటీషియన్ సేవ: సోరియాసిస్ రోగిగా నా అనుభవం

మోచేతుల మీదా నడుము మీదా తెల్లటి పొలుసులతో ఆరేళ్లుగా సోరియాసిస్‌ను భరిస్తున్న నన్ను జబ్బు కంటే పత్యమే ఎక్కువగా వేధించింది. వంకాయ, గోంగూర, చేపలు, పెరుగు అంటూ చూసిన ప్రతివారూ ఒక్కొక్కటి మాన్పించగా చివరికి చారూ అన్నమూ మిగిలాయి. ఆ అన్నమే రెండింతలు తింటూ 88 కిలోలకు చేరాను. బరువు తగ్గాల్సిందేనని చర్మవ్యాధుల డాక్టరు గారు గట్టిగా చెప్పడంతో నెల్లూరు పొగతోటలోని ఒక డైటీషియన్ వద్దకు వెళ్లాను.

నా పత్యం జాబితా చూసి ఆవిడ, "వంకాయ తిన్న మర్నాడు మచ్చలు ఎలా ఉన్నాయో ఎప్పుడైనా రాసుకున్నారా?" అని అడిగారు. రాసుకోలేదు. అమెరికాలోని నేషనల్ సోరియాసిస్ ఫౌండేషన్ వైద్య మండలి 2018లో వెలువరించిన సూచనలలో గట్టిగా చెప్పినది, అధిక బరువున్నవారు తక్కువ కేలరీల ఆహారంతో బరువు తగ్గాలన్నదేనని, గోధుమ మానడం రక్తపరీక్షలో సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడని జబ్బు) సూచికలు కనిపించినవారికేనని ఆవిడ వివరించారు. పేరుకున్న కొవ్వు కూడా శరీరంలో వాపును పెంచే రసాయనాలను వదులుతుందట. నేను వారానికోసారి మెథోట్రెక్సేట్ అనే సోరియాసిస్ మందు వేసుకుంటున్నానని తెలిసి, కాలేయానికి ముప్పు కనుక మద్యం ముట్టవద్దన్నారు.

రెండోసారి వచ్చేటప్పుడు ఇంట్లో వడ్డించుకునే గరిటెను, క్యారియర్‌లో అన్నాన్ని తెమ్మన్నారు. కాటా మీద నిండు గరిటెడు అన్నం 150 గ్రాములు తూగింది. పూటకు అయిదు గరిటెలు తినే నాకు రెండు నిర్ణయించి, మిగిలిన చోటును పప్పు, ఆకుకూరలు, చేపలతో నింపమన్నారు. వేపుడు వద్దు గానీ, కానాగంతల పులుసు నిక్షేపంగా తినవచ్చన్నారు. మామిడికాయ వేసిన పులుసు మళ్లీ కంచంలోకి వచ్చిన రోజున మా ఇంట్లో చిన్నపాటి పండగే జరిగింది.

నాలుగు నెలల్లో 81 కిలోలకు దిగాను. మోచేతుల మీది పొలుసులు బాగా పలచబడ్డాయి, తలలోవి మాత్రం అలాగే ఉన్నాయి. మందులూ వాడుతూనే ఉన్నాను కనుక ఘనత అంతా తిండికే కట్టబెట్టలేను.

లోపాలూ ఉన్నాయి. చేతికిచ్చిన అచ్చు చార్టు ఇంగ్లీషులో ఉంది, అందులో ఓట్సు, ఆలివ్ నూనె, సాల్మన్ చేప తప్ప మన వంట ఒక్కటీ లేదు. పైన చెప్పిన గరిటె లెక్కంతా ఆవిడ నోటిమాటగా చెప్పిందే తప్ప కాగితం మీద లేదు, ఇంటికెళ్లి మా ఆవిడకు వివరించడానికి నానా తంటాలు పడ్డాను. బయట కౌంటర్ దగ్గర కుర్రవాడు ప్రతిసారీ ప్రోటీన్ పొడి డబ్బా చూపించి బతిమాలడం మరీ ఎబ్బెట్టు, డైటీషియన్ గారిని అడిగితే నాకు అది అక్కరలేదన్నారు.

మొదటిసారి ఫీజు 500 రూపాయలు, ఆ తర్వాత 300. శనివారం ఉదయం కావలి, కందుకూరు వైపు నుంచి వచ్చేవారితో గంటన్నర కూర్చోవలసి వస్తుంది, కాబట్టి మామూలు రోజుల్లో సాయంత్రం టోకెన్ తీసుకోవడం మేలు.