రీజెన్సీ రొమాన్స్ ‘కాంబో సెట్’ కొనబోతున్నారా? ముందు ఇది చదవండి

ఇంగ్లండ్ నేపథ్యంలో నడిచే చారిత్రక ప్రేమకథలు, అందులోనూ రీజెన్సీ నవలలు (1811–20 ప్రాంతపు ఇంగ్లండ్‌లో జరిగే కథలు) ఇష్టపడేవాళ్ళ కోసం ఈ పోస్ట్. ఆన్‌లైన్‌లో ‘8 పుస్తకాల సెట్, బ్రాండ్ న్యూ’ అని కనిపించే కాంబోల జోలికి పోయేముందు రెండుసార్లు చూసుకోండి. నేను తెప్పించుకున్న సెట్‌లో ఎనిమిదికి ఎనిమిదీ దొంగ ప్రింట్లే. గొడవపడితే డబ్బు వెనక్కొచ్చింది. ఆ లిస్టింగ్ మాత్రం ఇప్పటికీ అదే ఫొటోతో, అదే ధరకి నిక్షేపంగా నడుస్తోంది. కింద కొత్త ఆర్డర్ల రివ్యూలు కూడా పడుతున్నాయి.

సెల్లర్ పేరు రాయడం లేదు. రాసినా పెద్ద ప్రయోజనం ఉండదు, ఇలాంటివాళ్ళు రేపు ఇంకో పేరుతో దుకాణం తెరుస్తారు. సరుకుని గుర్తుపట్టడం తెలిస్తే చాలు.

ధర 799. ఒక్కో పుస్తకం ఎమ్మార్పీయే 499. ‘అంత చవగ్గా ఇస్తుంటే అనుమానం రాలేదా’ అని అడుగుతారు. ధర ఒక్కటే చూసి తేల్చలేం. హైదరాబాద్‌లో కిలో లెక్కన అమ్మే పుస్తకాల సేల్స్‌లో ఇంతకన్నా చవగ్గా అసలు ప్రతులే దొరుకుతాయి. పాతవి, స్టాక్ మిగిలిపోయినవి, మూల నలిగినవి వస్తాయి. వాటితో ఏ ఇబ్బందీ లేదు. ఇక్కడ వచ్చింది వేరే రకం.

అట్ట పెట్టె విప్పగానే కిరోసిన్ లాంటి ఇంకు వాసన. ముఖచిత్రాలు దూరం నుంచి బాగానే ఉన్నాయి. చేత్తో తడిమితే తెలుస్తుంది. అసలు ప్రతిలో పేరు అక్షరాలు ఉబ్బెత్తుగా, బంగారు రేకు పూతతో ఉంటాయి. వీటిలో ఆ పూత మెరుపుతో సహా ఫొటో తీసి అచ్చేశారు, కాబట్టి నున్నగా ఉంది. లోపలి కాగితం ఎంత పలచనంటే వెనక పేజీ అక్షరాలు ఇటు కనిపిస్తున్నాయి. వాక్యాల చివరి మాటలు బైండింగ్ లోపలికి దూరిపోయాయి, పుస్తకాన్ని విరిచినట్టు తెరిస్తే తప్ప చదవలేం. ఇంకో తమాషా ఏమిటంటే, ఎనిమిది పుస్తకాల వెనకా ఒకటే బార్‌కోడ్. ఒక్కో పుస్తకానికి విడిగా ఉండాల్సిన గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్, ఎనిమిదింటికీ ఒకటే అన్నమాట.

సరే, కాగితం ఎలా ఉంటేనేం, కథ చదువుకోవచ్చు కదా అనుకుని ఒకటి పట్టుకున్నాను. అది గ్రెట్నా గ్రీన్ కథ. తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఇంగ్లండ్‌లో 1753లో హార్డ్‌విక్ ప్రభువు తెచ్చిన వివాహ చట్టం వల్ల, 21 ఏళ్ళు నిండనివాళ్ళు లైసెన్స్ మీద పెళ్ళి చేసుకోవాలంటే తండ్రి అనుమతి తప్పనిసరి అయింది. లైసెన్స్ వద్దనుకుంటే వరసగా మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదివించాలి, అంటే ఊరందరికీ తెలిసిపోతుంది. ఆ చట్టం స్కాట్లండ్‌కి వర్తించేది కాదు. అందుకే లేచిపోయే జంటలు చాలావరకు సరిహద్దు దాటగానే వచ్చే గ్రెట్నా గ్రీన్‌కి పరిగెత్తేవి. లండన్ నుంచి 300 మైళ్ళకి పైనే. దారి పొడుగునా సత్రాల దగ్గర గుర్రాలు మార్చుకుంటూ, వెనక అన్నగారు తరుముకొస్తున్నాడేమో అని కిటికీలోంచి చూసుకుంటూ పోవాలి. ఈ తరహా నవలల్లో సగం ప్రాణం ఆ బండి ప్రయాణంలోనే ఉంటుంది.

నా కాపీలో 192వ పేజీలో అమ్మాయి అర్ధరాత్రి బండెక్కింది. ఎదురు పేజీ 209. అక్కడ ఇద్దరూ ఏదో సత్రంలో మొహాలు చూసుకోకుండా కూర్చుని ఉన్నారు, ఆమె చేతికి కట్టు ఉంది. పెళ్ళయిందా? బండి బోల్తా పడిందా? ఎవరు ఎవర్ని ఏమన్నారు? మొత్తం 16 పేజీలు లేవు. ప్రెస్సులో పనిచేసినవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది, ఒక ఫారం ఎగిరిపోయింది. పెద్ద షీటు మీద 16 పేజీలు ఒకేసారి అచ్చేసి మడుస్తారు, దాన్నే ఫారం అంటారు. అసలు ప్రచురణకర్తల పుస్తకాల్లోనూ ఎప్పుడో ఒకసారి ఇలా జరుగుతుంది. వాళ్ళయితే వేరే కాపీ ఇస్తారు. దొంగ ప్రింటుకి ఇంకో కాపీ అడిగితే అదే కట్టలోంచి తీసి పంపుతారు, దాంట్లోనూ ఆ ఫారం ఉండదు.

రెండో పుస్తకంలో పేజీలు పూర్తిగానే ఉన్నాయి, అక్షరాలే తేడా. ఎవరో పాత ప్రతిని స్కాన్ చేసి, కంప్యూటర్‌తో చదివించి, ఎవరూ దిద్దకుండా అచ్చేశారు. ఆర్, ఎన్ పక్కపక్కన ఉన్నచోటల్లా ఎమ్ అయిపోయింది. దాంతో 1814లో ఒక ముసలి డచెస్ ‘ఈ కాలపు మోడర్న్ అమ్మాయిలు’ అనాల్సింది ‘మోడెమ్ అమ్మాయిలు’ అని విసుక్కుంటుంది. అది చదివి నవ్వుకున్నాను. పౌండ్ గుర్తు దగ్గరికొచ్చేసరికి నవ్వు పోయింది. పౌండ్ గుర్తంతా ఎఫ్ అయింది, కొన్నిచోట్ల చివరి సున్నా కూడా ఎగిరిపోయింది. ఏడాదికి 5,000 పౌండ్ల ఆదాయం ఉన్న పెళ్ళికొడుకు రెండు పేజీల తర్వాత 500 పౌండ్లవాడయ్యాడు. ఈ నవలల్లో ఆ అంకె ఎంత ముఖ్యమో మనవాళ్ళకి వేరే చెప్పాలా? అమ్మాయి కట్నం ఎంత, దాని మీద ఏటా వచ్చే వడ్డీ ఎంత, అబ్బాయి ఎస్టేట్ ఆదాయం ఎంత, అది పెద్దకొడుకుకే పోతుందా, ఇవి తేలకుండా కథ ముందుకి కదలదు. 500 పౌండ్లవాణ్ణి తల్లి ఎందుకంత ఎగబడి ఆహ్వానిస్తోందో అర్థంకాక వెనక్కీ ముందుకీ తిప్పుకుంటూ కూర్చున్నాను.

పిలుపుల సంగతి ఇంకా ఘోరం. ఇంగ్లండ్ కులీనుల్లో ‘లేడీ’ తర్వాత సొంత పేరొస్తే ఆమె డ్యూక్, మార్క్వెస్, ఎర్ల్ వీళ్ళలో ఎవరి కూతురో అని లెక్క. ‘లేడీ’ తర్వాత బిరుదు వస్తే ఆ బిరుదున్నాయన భార్య. ఒక్క మాట జారిపోతే అత్తగారు కోడలవుతుంది, ఆడబిడ్డ అత్తగారవుతుంది. నా కాపీలో మాటలు జారడం మామూలే కాబట్టి, ఒక విందు సన్నివేశంలో ముగ్గురు లేడీల్లో ఎవరు ఎవరికి మంట పెడుతున్నారో చివరిదాకా తేలలేదు. సన్నివేశానికీ సన్నివేశానికీ మధ్య ఉండే ఖాళీ గీత కూడా తీసేశారు. హీరో లండన్‌లో పెద్దింటివాళ్ళ నాట్యవిందులు జరిగే ఆల్మాక్స్‌లో నిమ్మరసం తాగుతూ ఆలోచిస్తుంటాడు, తర్వాతి వాక్యంలో ఆ ఆలోచన హీరోయిన్‌ది, ఆమె పల్లెటూళ్ళో గుర్రం మీద ఉంది.

ఇక గుర్తుపట్టడం ఎలాగ అంటే, కొనేముందు సెల్లర్‌ని కాపీరైట్ పేజీ ఫొటో అడగండి. అది చాలా పనులు చేసిపెడుతుంది. మన దేశంలో అచ్చయిన అసలు ఎడిషన్లలో ప్రచురణకర్త, ఏ సంవత్సరం ఎడిషన్, ఎక్కడ అచ్చయింది లాంటి వివరాలు సాధారణంగా ఉంటాయి. విదేశీ ప్రచురణకర్తలు ఇక్కడి కోసం వేసినవాటిలో ‘భారత ఉపఖండంలో అమ్మకానికి మాత్రమే’ అనే వాక్యం కూడా తరచుగా కనిపిస్తుంది. ఐఎస్‌బీఎన్ 13 అంకెలు ఉంటాయి, దాన్ని సెర్చ్‌లో కొడితే అదే పేరు, అదే ప్రచురణకర్త రావాలి. ఫొటో పంపనంటే కొనకండి. నేను తర్వాత ఇంకో ఇద్దరు సెల్లర్లని అడిగి చూశాను. ఒకాయన వెంటనే పంపాడు, ఇంకొకాయన ‘మేడమ్, కవర్ ఒరిజినలే అండి’ అన్నాడు. కవర్ గురించి నేను అడగనే లేదు.

టీవీ సిరీస్ బొమ్మ ఉన్న కవర్లతో వచ్చే సెట్ల దగ్గర మరీ జాగ్రత్త. జూలియా క్విన్ నవలల ఆధారంగా తీసిన బ్రిడ్జర్టన్ సిరీస్ 2020 డిసెంబర్‌లో మొదలయ్యాక ఆ నవలల గిరాకీ పెరిగింది, దొంగ ప్రింట్లూ అంతే వేగంగా వచ్చాయి. అసలు నవలలు 8, బ్రిడ్జర్టన్ ఇంట్లోని ఎనిమిదిమంది తోబుట్టువులకి తలా ఒకటి. మొదటిది 2000లో వచ్చింది. ఆ నవలల ముగింపు తర్వాత ఏమైందో చెప్పే అదనపు అధ్యాయాలన్నీ కలిపి 2013లో ఇంకో పుస్తకం వేశారు, అందుకే కొందరు 9 అంటారు. సిరీస్‌లో కథల వరస మారింది. మూడో సీజన్‌లో చూపించిన కోలిన్ కథ పుస్తకాల్లో నాలుగోది. కవర్ మీద మూడు అని వేసి కోలిన్ కథ పెట్టిన సెట్ కనిపించిందంటే, అది వేసినవాడు పుస్తకం మొహం చూడలేదని అర్థం.

దొంగ ప్రింట్లు కాకపోయినా డబ్బు పోయే దారులు ఇంకో రెండున్నాయి. రీజెన్సీ రొమాన్సులకి పేరుపడ్డ రచయిత్రి జార్జెట్ హేయర్ అభిమానులు ఇది గుర్తుపెట్టుకోండి. ఆవిడ 1923లో స్టెల్లా మార్టిన్ అనే కలం పేరుతో ‘ది ట్రాన్స్‌ఫర్మేషన్ ఆఫ్ ఫిలిప్ జెట్టన్’ అనే నవల వేసింది. దాన్నే 1930లో చివరి అధ్యాయం తీసేసి ‘పౌడర్ అండ్ ప్యాచ్’ పేరుతో మళ్ళీ వేశారు. రెండూ ఒకే కథ. అమెరికాలో 1923 పాఠానికి కాపీరైట్ 2019లో తీరిపోయింది కాబట్టి పాత పేరుతో ఎవరైనా అచ్చేయొచ్చు. వాటిని ‘అరుదైన నవల’ అని రెట్టింపు ధరకి పెడితే, ఇప్పటికే పౌడర్ అండ్ ప్యాచ్ ఉన్నవాళ్ళు మోసపోయే అవకాశం ఉంది. ఆ చివరి అధ్యాయం కోసమే కావాలంటే కొనుక్కోండి, అది వేరే మాట. మన దగ్గర రచయిత పోయాక 60 ఏళ్ళు కాపీరైట్ ఉంటుంది. ఆవిడ పోయింది 1974లో, కాబట్టి ఇక్కడ ఎవరుపడితే వాళ్ళు అచ్చేసుకోవడానికి 2034 దాటాలి.

రెండోది, ఆ కాలానికి కాస్త ముందే రాసిన పాత నవలలు. రీజెన్సీ రొమాన్సులు చదివి చదివి వాటి మూలాల్లోకి వెళ్దాం అనిపిస్తుంది చూడండి, అప్పుడు పడే గొయ్యి ఇది. అప్పట్లో నవలని సంపుటాలుగా విడగొట్టి అమ్మేవారు. ఫానీ బర్నీ రాసిన ‘ఎవెలీనా’ (1778) మూడు సంపుటాలు, ‘సెసీలియా’ (1782) ఐదు, మరియా ఎడ్జ్‌వర్త్ ‘బెలిండా’ (1801) మూడు. ఆర్డర్ ఇచ్చాక అచ్చేసి పంపే కంపెనీలు ఒక్కో సంపుటాన్ని స్కాన్ చేసి విడి పుస్తకంగా అమ్ముతాయి. లిస్టింగ్‌లో నవల పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, ఎన్నో సంపుటమో ఎక్కడో చిన్నక్షరాల్లో ఉంటుంది. ‘సెసీలియా’ అయితే పూర్తిగా వెయ్యి పేజీలకి అటూఇటూ ఉండే నవల. 250 పేజీలని రాసి ఉంటే అది కథలో ఒక సంపుటమే. వీటికి కాపీరైట్ లేదు, ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. పుస్తకంగానే కావాలంటే పేరున్న ప్రచురణకర్తల క్లాసిక్స్ వరసలో ఒకే సంపుటంగా, వివరణలతో సహా దొరుకుతాయి, అవి తీసుకోండి.

ఇప్పటికే దొంగ సెట్ వచ్చేసినవాళ్ళు రిటర్న్ కారణం దగ్గర ‘నచ్చలేదు’ అని కొట్టొద్దు, ‘నకిలీ వస్తువు’ అని కొట్టండి. చాలాచోట్ల పుస్తకాలకి రీప్లేస్‌మెంట్ మాత్రమే అంటారు. ఒప్పుకోకండి, పైన చెప్పాను కదా, అదే కట్టలోంచి ఇంకోటి వస్తుంది. నాకు ముందు సెల్లర్ నుంచి ‘ఐదు స్టార్లు ఇస్తే వంద రూపాయలు వాపసు’ అని మెసేజ్ వచ్చింది. అలాంటిది వస్తే చెరిపేయకుండా స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి, నా కేసు తేలింది దానివల్లే. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్లాట్‌ఫామ్‌లోని గ్రీవెన్స్ ఆఫీసర్ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల లోపల పరిష్కరించాలి. కస్టమర్ కేర్ చాట్‌లో గంటలు గడిపేకన్నా ఆ ఆఫీసర్ మెయిల్‌కి నేరుగా రాయండి, ఆ మెయిల్ వెబ్‌సైట్ అడుగున ఉంటుంది. అక్కడా కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఫిర్యాదులో ‘ప్రింటింగ్ మిస్టేక్’ అని రాయకుండా ‘పైరసీ కాపీ, ఐఎస్‌బీఎన్ సరిపోలలేదు’ అని రాసి, కాపీరైట్ పేజీ, బార్‌కోడ్ ఫొటోలు రెండూ జతచేయండి.