1983 మెర్సిడెస్ 300డి ఆటోమేటిక్ గేర్లు: పన్నెండేళ్లు వాడాక నా మాట

నా దగ్గరున్నది 1983 మోడల్ మెర్సిడెస్ 300డి, డబ్ల్యూ123 బాడీ, అయిదు సిలిండర్ల టర్బో డీజిల్, నాలుగు గేర్ల ఆటోమేటిక్. 2013లో డల్లాస్ దగ్గర ఒక పెద్దాయన అమ్ముతుంటే కొన్నాను. మీటర్ 2,14,000 మైళ్ల దగ్గర ఆగిపోయి ఉంది, అసలు ఎంత తిరిగిందో ఆయనకే తెలీదు. ఈ కార్లలో మీటర్ లోపలి చిన్న చక్రం పట్టు తప్పడం మామూలే, కాబట్టి అమ్మేవాళ్లు చెప్పే మైళ్లని నమ్మకండి. ఇంజిన్ గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు, అది చెడితే కదా రాయడానికి. నాకు నిద్ర లేకుండా చేసింది గేర్లే.

కొన్న రెండో ఏడాది మొదలైంది. రెండు నుంచి మూడో గేరు పడేటప్పుడు వెనక నుంచి ఎవరో తన్నినట్టు ఒక కుదుపు. మెల్లగా పోతున్నప్పుడు ఇంకా ఘోరం, గట్టిగా తొక్కితే మాత్రం బాగానే ఉండేది. ఈ తేడాలోనే జవాబు ఉందని అప్పుడు నాకు తట్టలేదు. గుంటూరులో ఉన్న నాన్నకి వీడియో కాల్‌లో చెబితే "క్లచ్ లేని బండి ఒక బండేనా" అని నవ్వేశారు. ఇక్కడ గేర్‌బాక్సులు మాత్రమే చూసే ఒక షాపుకి తీసుకెళ్లాను. పది నిమిషాలు తిప్పి, "లోపల అయిపోయింది, దించి మొత్తం విప్పాలి, 3,200 డాలర్లు" అన్నారు. నేను బండి కొన్నదే 3,500కి! డబ్బు ఇచ్చే ధైర్యం లేక నేర్చుకోవడం మొదలుపెట్టాను, అంతే తప్ప నాకు ముందు నుంచీ మెకానిక్ పని వచ్చనుకోకండి.

ముందు గేర్‌బాక్స్ ఆయిల్. అది చూసే పద్ధతే నాకు తప్పుగా తెలుసు, ఇంజిన్ ఆపి, చల్లగా ఉన్నప్పుడు చూసేవాణ్ణి. ఇందులో అలా కాదు. ఓ పదిహేను ఇరవై నిమిషాలు తిప్పి, బాగా వేడెక్కాక, చదును నేల మీద, లివర్ పార్క్‌లో పెట్టి, ఇంజిన్ నడుస్తుండగానే డిప్‌స్టిక్ తీసి చూడాలి. తుడవడానికి దారాలు ఊడే గుడ్డ వాడకూడదు, ఒక్క పోగు లోపలికి పోయి సన్నటి దారిలో ఇరుక్కున్నా కొత్త తలనొప్పి. కింది గీతకీ పై గీతకీ మధ్య తేడా ఓ 300 మిల్లీలీటర్లే, ఎక్కువ పోస్తే నురగ వస్తుంది. నా ఆయిల్ ఎర్రగానే ఉంది, మాడు వాసన లేదు. గేర్‌బాక్స్ లోపలి క్లచ్ ప్లేట్లు (పెడల్ లేకపోయినా ఆటోమేటిక్ లోపల ఇవి ఉంటాయి) కాలిపోతే వాసన దాచినా దాగదు కాబట్టి, షాపు వాళ్ల మాట మీద నాకు అనుమానం మొదలైంది ఇక్కడే.

అయినా ఆయిల్, ఫిల్టర్ మార్చాను. కింద పాన్ బోల్టు తీసి వదిలేస్తే సగం పాత ఆయిల్, ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. దానికీ ఒక డ్రెయిన్ బోల్టు ఉంది, ముందు నుంచి క్రాంక్‌ని, అంటే ఇంజిన్ ఇరుసుని, 27 ఎంఎం సాకెట్‌తో మెల్లగా, ఇంజిన్ తిరిగే దిక్కునే తిప్పుతూ పోతే అది కిందికి వస్తుంది. రెండూ తీస్తే మొత్తం ఆరు లీటర్ల పైనే పడుతుంది. ఒక శనివారం మొత్తం పోయింది, చొక్కా పోయింది, కుదుపు మాత్రం పోలేదు.

తర్వాత చేసింది నా తెలివితక్కువ పని. గేర్‌బాక్స్ పక్కన మాడ్యులేటర్ అని గుండ్రటి డబ్బీ ఒకటి ఉంటుంది, రబ్బరు మూత తీస్తే లోపల తిప్పే పిడి. కుడివైపు తిప్పితే గేర్లు గట్టిగా పడతాయి, ఎడమవైపు తిప్పితే మెత్తగా. ఎక్కడో చదివి, ఏమీ కొలవకుండా, ఎన్ని చుట్లు తిప్పానో రాసుకోకుండా ఎడమకి తిప్పుతూ పోయాను. కుదుపు కొంచెం తగ్గింది. గెలిచేశాననుకున్నాను.

ఆ నెలలోనే కారు ఆపి తాళం చెవి తీసినా ఇంజిన్ ఆగలేదు. ఈ డీజిల్‌ని ఆపడానికి వాక్యూమ్, అంటే గాలి పీల్చే శక్తి, కావాలి. బానెట్ ఎత్తి ఇంజిన్ మీద స్టాప్ అని రాసి ఉండే మీట నొక్కి ఆపాను. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో జనం చూస్తుంటే ఆ మీట వెతుక్కోవడం ఎంత టెన్షనో! మరి కొన్నాళ్లకి వెనక ఎడమ తలుపు తాళం పడటం మానేసింది. తలుపు తాళానికీ గేర్ కుదుపుకీ సంబంధమేంటి, మోకాలికీ బోడిగుండుకీ ముడి అంటారు కదా, కానీ ఈ కారులో ఆ ముడి నిజంగానే ఉంది.

పెట్రోలు ఇంజిన్‌కి వాక్యూమ్ దానంతటదే పుడుతుంది. డీజిల్‌కి పుట్టదు, అందుకని ముందు ఒక పంపు పెట్టారు. ఆ ఒక్క పంపే బ్రేక్ బూస్టర్‌కీ, ఇంజిన్ ఆపడానికీ, తలుపుల తాళాలకీ, ఏసీ గాలి దారులు మార్చే డబ్బీలకీ, గేర్‌బాక్స్‌కీ పీల్చాలి. ఇంజిన్‌కి డీజిల్ పంపే ఇంజెక్షన్ పంపు మీదున్న ఒక వాల్వ్, మనం తొక్కే కొద్దీ గేర్‌బాక్స్‌కి వెళ్లే వాక్యూమ్‌ని తగ్గిస్తుంది. వాక్యూమ్ తగ్గితే గేర్‌బాక్స్ "వీడు గట్టిగా తొక్కుతున్నాడు" అనుకుని ప్రెషర్ పెంచి గేరుని గట్టిగా వేస్తుంది. ఎక్కడో ఒక పైపు లీకై వాక్యూమ్ తగ్గినా దానికి అదే అర్థం. మెల్లగా పోతున్నప్పుడే కుదుపు ఎందుకో తెలిసింది కదా.

చేత్తో నొక్కే చిన్న వాక్యూమ్ పంపు, గేజ్‌తో సహా ముప్పై డాలర్లకి కొన్నాను. ఈ కారు ఉన్నవాళ్లు స్పానర్ సెట్ కంటే ముందు కొనాల్సింది ఇదే. గేర్‌బాక్స్‌కి వెళ్లే సన్న పైపుకి గేజ్ పెడితే ఐడిల్‌లో అయిదు అంగుళాలే చూపించింది (వాక్యూమ్‌ని పాదరసం అంగుళాల్లో కొలుస్తారు), బాగు చేశాక ఇప్పుడు అదే చోట పన్నెండు చూపిస్తోంది. పంపు నుంచి చీలే పైపుల్లో ఒక్కో కొమ్మ ఊడదీసి మూసుకుంటూ వచ్చాను, మూయడానికి గోల్ఫ్ బంతి కింద పెట్టే చెక్క మేకులు భలే సరిపోతాయి. తలుపుల కొమ్మ మూయగానే గేజ్ ముల్లు టక్కున లేచింది. తలుపు లోపలి అట్ట విప్పి చూస్తే తాళం డబ్బీలో రబ్బరు పొర చిరిగిపోయి ఉంది. ముప్పై ఏళ్ల రబ్బరు మరి, కారు చేసినవాళ్లని ఏమంటాం? పాత డబ్బీ ఒకటి పాతిక డాలర్లకి దొరికింది.

బిగించి తిప్పితే కుదుపు లేదు, కానీ రెండుకీ మూడుకీ మధ్య ఇంజిన్ ఊరికే గుయ్యిమని లేచి, తర్వాత గేరు పట్టుకుంటోంది. నేను ముందు మెత్తగా తిప్పి పెట్టిన పుణ్యం. కుదుపు చిరాకే గానీ, ఇలా జారడం ప్లేట్లని అరగదీస్తుంది, రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే నేను కుదుపునే ఎంచుకుంటాను. వెనక్కి అర చుట్టు, తిప్పి చూడటం, మళ్లీ అర చుట్టు, ఇలా రెండు వారాలు పట్టింది, ఈసారి ప్రతి అర చుట్టూ నోట్‌బుక్‌లో రాశాను. సన్న పైపు ఊడదీసినప్పుడు లోపల ఎర్ర ఆయిల్ ఉందేమో కూడా చూడండి, ఉంటే మాడ్యులేటర్ పొర చిరిగినట్టే, ఎంత తిప్పినా లాభం లేదు, మార్చాల్సిందే. యాక్సిలరేటర్ నుంచి వచ్చే కేబుల్ జోలికి మాత్రం నేను చివరిదాకా పోలేదు. అది గేరు ఎప్పుడు మారాలో చూస్తుంది, ఎంత గట్టిగా పడాలో కాదు.

డ్రైవ్‌లో వేయగానే వచ్చే డబ్ శబ్దం వేరే సంగతి. గేర్‌బాక్స్ వెనక మౌంటు కుంగిపోయి, డ్రైవ్ షాఫ్ట్ మీదున్న రబ్బరు డిస్కులు పగిలి ఉన్నాయి, అవి మారిస్తే పోయింది.

ఇది 2016 మాట. అప్పటి నుంచి ప్రతి 30,000 మైళ్లకి ఆయిల్ మారుస్తున్నాను, మీటర్ బాగు చేయించుకున్నాను కాబట్టి లెక్క తెలుస్తోంది. గేర్లు ఇప్పుడు కొత్త కారంత నున్నగా పడవు, మూడోది పడటం తెలుస్తుంది, నాకు అలాగే ఇష్టం. మిగిలింది ఒక్కటే, చలికాలం పొద్దున్నే రివర్స్ వేస్తే రెండు సెకన్లు ఆలోచించుకుని కదులుతుంది. ఆయిల్ సరిగ్గా ఉంది, వాక్యూమ్ సరిగ్గా ఉంది, కాబట్టి లోపలి సీళ్లు గట్టిపడి ఉంటాయి, అది పైపులతో తీరే రోగం కాదు. రెండు సెకన్లు నాలుగైతే అప్పుడు గేర్‌బాక్స్ దింపిస్తాను, డబ్బు పక్కన పెట్టాను, ఆ షాపుకి మాత్రం కాదు.