ఫార్ములా మారుతి: పాలమూరులో బాగు చేయించి, ఏళ్లుగా నడిపిన తర్వాత

పాత ఒంటిసీటు రేసు కారు కొనదలచినవారు ముందుగా ఇంజన్ గురించే అడుగుతారు గాని, నా ఫార్ములా మారుతిలో అన్నిటికంటే తక్కువ ఇబ్బంది పెట్టింది ఆ ఇంజనే. మారుతి 800 కారులోని 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజనే ఇందులో డ్రైవరు వీపు వెనుక ఉంటుంది. పిస్టన్ రింగులు, బేరింగులు, హెడ్ గాస్కెట్ అన్నీ మహబూబ్‌నగర్‌లోనే దొరికాయి. హెడ్ ఫేసింగ్ (ఇంజన్ తల అడుగును చదును చేయడం) కూడా ఇక్కడి లేత్ షాపులోనే అయిపోయింది. భారత్ నుంచి ఫార్ములా వన్‌కు వెళ్లిన తొలి డ్రైవర్ నారాయణ్ కార్తికేయన్ తొలి రేసు నడిపింది ఈ తరగతిలోనే కాబట్టి దీనికి చరిత్ర విలువ కూడా ఉంది.

డబ్బునూ కాలాన్నీ మింగేది ఫ్రేమ్. సన్నని ఉక్కు గొట్టాలతో అల్లిన ఈ ఫ్రేమ్‌లో సస్పెన్షన్ ఆర్ములు బిగించే బ్రాకెట్ల మూలల్లో పగుళ్లు వస్తాయి. రంగు తీయడానికి చాలామంది ముందే ఇసుక బ్లాస్టింగ్ చేయిస్తారు; ఆ దెబ్బలకు లోహం పైపొర పాకి సన్నని పగుళ్ల నోళ్లు మూసుకుపోతాయి కనుక అది సరికాదు. మేము పెయింట్ రిమూవర్‌తో రంగు తీసి, పగుళ్లలోకి ఇంకే ఎర్ర డై కొట్టి, కాసేపు ఆగి శుభ్రంగా తుడిచి, ఇంకిన రంగును పైకి లాగే తెల్లని డెవలపర్ చల్లాము. వెనుక కుడి బ్రాకెట్ దగ్గర, కంటికి నున్నగా కనిపించిన వెల్డింగ్ పక్కనే, వెంట్రుకంత ఎర్రగీత నెమ్మదిగా పైకి ఊరింది. ఆ ఒక్క గొట్టం ముక్కను మార్చి, మిగిలిన ఫ్రేమ్‌ను అలాగే ఉంచాము.

పాతదనాన్ని ఎంతవరకు కాపాడాలన్న ప్రశ్నకు, హిస్టారిక్ (పాత కార్ల) పోటీల కోసం ప్రపంచ మోటార్ క్రీడల సమాఖ్య ఎఫ్‌ఐఏ రాసిన అపెండిక్స్ కె నియమాలనే కొలమానంగా పెట్టుకున్నాను. కారు తన కాలంలో పోటీపడిన రూపంలోనే ఉండాలన్నది వాటి సారం. అందుకే ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టమన్న సలహాలను పక్కన పెట్టి కార్బురేటర్‌నే ఉంచాను. ప్రాణం కాపాడే వస్తువుల దగ్గర మాత్రం పాతదనం మీద మోజు పనికిరాదు. ఎఫ్‌ఐఏ ముద్ర ఉన్న సీటు బెల్టులకు తయారైన ఏడాది తర్వాత ఐదో సంవత్సరం చివరి వరకే చెల్లుబాటు ఉంటుంది. గడువు తీరాక అవి ఎంత కొత్తగా కనిపించినా మార్చవలసిందే. సస్పెన్షన్ ఆర్ముల కొసల్లో ఉండే గుండు కీళ్లు, అంటే రోజ్ జాయింట్లు కూడా అంతే. రేసింగ్ రకమని చెప్పి ఒక వ్యాపారి అంటగట్టినవి ఒక సీజన్ తిరగకుండానే లూజయ్యాయి. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే టక్కుమన్న చప్పుడు వచ్చేది.

వాడకంలో తేలిన మరో చిక్కు పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో వచ్చే ఇ20 (ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు)లోని ఇథనాల్ పాత రబ్బరు పైపులను మెత్తబరుస్తుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పైపులన్నీ ఇథనాల్‌కు తట్టుకునే రకానికి మార్చాను. కారును నెలల తరబడి నిలిపేటప్పుడు కార్బురేటర్ ఖాళీ చేస్తాను. 

రిజిస్ట్రేషన్ లేని కారు రోడ్డెక్కదు కనుక డీసీఎంలో వేసుకుని కర్నూలు, కడప మీదుగా చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు తీసుకెళ్లాలి. పాలమూరు సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఇక్కడ సరిగ్గా కుదిరిన జెట్టు (కార్బురేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే సన్నని రంధ్రపు ముక్క) పల్లాన ఉన్న అక్కడి చిక్కటి గాలికి చాలదు, మిశ్రమంలో పెట్రోలు వాటా తగ్గుతుంది. మొదటి విడత ల్యాపులు కాగానే ప్లగ్గులు విప్పి చూసి, కొనలు తెల్లబడి ఉంటే ఒక సైజు పెద్ద మెయిన్ జెట్టు వేస్తాను.